కంద వల్ల పోయిన గద్దె

నాకు ముక్కు మీద కోపం. ఈ మాట మా ఆయన అంటే ఒప్పుకోను గానీ, నేనే రాసుకుంటున్నాను కనుక ఫరవాలేదు. రైల్వే ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు గుమాస్తాగా చేశాను. ఏ ఫైలు ఎవరి బల్ల దగ్గర నిద్రపోతోందో గుమ్మంలో నిలబడి చెప్పేదాన్ని. నేను అర్జీ రాశానంటే అవతలివాళ్ళు రెండోసారి చదవాల్సిందే. రిటైరయ్యాక ఆ విద్యని ఏం చేసుకోవాలో తెలియక కూరగాయల మీద పడ్డాను.

మాది శ్రీకాకుళం వైపు. పెళ్ళయిన కొత్తలో సికింద్రాబాద్ వచ్చి మారేడ్‌పల్లిలో ఉండిపోయాం. ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ కూరలంటే స్టేషన్ నుంచి ఇంటికొచ్చే దారిలో ఏది కనబడితే అది సంచిలో వేసుకోవడమే. రిటైరైన మర్నాడు మాత్రం ఒక ప్రతిజ్ఞ చేశాను. ఇకమీదట పండించినవాళ్ళ చేతి నుంచే కొంటాను, మధ్యలో దళారి చెయ్యి తగలడానికి వీల్లేదు. మా ఆయన పేపరు దించకుండానే "మంచిదే" అన్నారు. ఆయన "మంచిదే" అన్నారంటే తనని రమ్మనవద్దని అర్థం.

అప్పటి నుంచి నా వారానికి ఒక లెక్క వచ్చింది. మంగళవారం, శుక్రవారం రైతుబజారు. అది ఏ పేటదో చెప్పను, అక్కడి అధికారి ఇంకా ఆ కుర్చీలోనే ఉన్నాడు. బుధవారం మా వెనక వీధిలో తోపుడుబళ్ళ మధ్య నలుగురైదుగురు రైతులు కూర్చుంటారు, అక్కడికి. ఆదివారం బొల్లారం అంగడి. ఒక్కో చోట ఒక్కో మర్యాద. రైతుబజారులో ధరలు గేటు దగ్గర బోర్డు మీద రాసి ఉంటాయి, అందరూ అవి చదువుకునే లోపలికి వెళ్తారు, వెళ్ళి మళ్ళీ బేరమాడతారు. మా వెనక వీధిలో బెండకాయ కొన విరిచి చూస్తే ఊరుకోరు. బొల్లారంలో విరిచి చూడకుండా సంచిలో వేసుకుంటే, ఈవిడకి కొనడం రాదని అమ్మేవాళ్ళే జాలిపడతారు. ఈ తేడాలన్నీ తెలుసుకోవడానికి నాకు ఏడాది పట్టింది. తెలిశాక మాత్రం ఏ ఆఫీసులోనూ దొరకని దర్జా వచ్చింది నాకు.

రైతుబజారులో నాకొక మనిషి ఉండేది. ఆకుకూరలామె. నలభై అయిదు దాటి ఉంటాయి. చీర మీద మగవాళ్ళ ఫుల్‌హ్యాండ్స్ చొక్కా వేసుకుని, పాలకూర, తోటకూర, చుక్కకూర, గోంగూర, బచ్చలి సిమెంటు గద్దె మీద వరసగా పేర్చుకుని కూర్చునేది. కట్టలు రబ్బరుబ్యాండ్లతో కాకుండా ఈతాకు చీలికలతో కట్టేది. రబ్బరు బిగిస్తే కాడ నలుగుతుందని ఆమె చాదస్తం. ఆ ఈతాకు ముడి చూసే నేను ఆమె అసలు రైతు అని తేల్చేశాను. ఆరేళ్ళు ఆమె దగ్గరే కొన్నాను. మేడ్చల్ దాటి ఏదో ఊరు అని తెలుసు, ఆ ఊరి పేరు మాత్రం అడగలేదు. ఎదుటివాళ్ళ ఫైళ్ళు ముప్ఫై ఏళ్ళు తిరగేసినదాన్ని, ఈ మాట అడగాలని ఎందుకు తోచలేదో నాకే తెలియదు.

ఒక కార్తీకంలో నాకు కంద మీదికి మనసు మళ్ళింది. మా వైపు కార్తీక మాసంలో కంద బచ్చలి కూర, దాని మీద ఆవ, ఇవి లేకపోతే నెల గడిచినట్టే ఉండదు. కంద మోండా మార్కెట్లో వర్తకుల దగ్గర బోలెడు దొరుకుతుంది. అదే మా ఆయన చెప్పారు. కానీ ప్రతిజ్ఞ ఒకటి ఏడ్చింది కదా, రైతు చేతి నుంచే కొనాలి. అందుకని ఆకుకూరలామెని పట్టుకున్నాను.

"బచ్చలి నువ్విస్తున్నావు సరే, మరి కంద ఎవరివ్వాలమ్మా నాకు?" అన్నాను.

"కందగడ్డనా? తెస్త తియ్యి" అంది.

శుక్రవారం చిలగడదుంపలు తెచ్చింది. ఇక్కడ వాటినే కందగడ్డలంటారని అప్పటికి ఎన్నేళ్ళుగానో ఇక్కడే ఉంటున్న నేను మర్చిపోయాను. ఫోనులో బొమ్మ చూపించాను.

"ఓ, గిదా. గిది మా దిక్కు ఎవ్వరు వెట్టరమ్మా. తింటే గొంతు గోకుతదంటరు."

"మా వైపు గొంతులకి అలవాటే. దొరుకుతుందేమో చూడు."

ఆ తరవాతి మంగళవారం గోనెసంచి కింద నుంచి ఒక పెద్ద కంద తీసింది. మట్టి అంటుకుని, నా రెండు చేతుల్లో పట్టనంత ఉంది. "దొరికింది, తీస్కో" అంది.

ఆ "దొరికింది" దగ్గర నేను ఆగవలసింది. ఎక్కడ దొరికిందని ఒక్క మాట అడిగితే ఈ కథే ఉండేది కాదు. కానీ ఈతాకు ముడి చూసి మనుషులని అంచనా కట్టే మేధావిని కదా, ఆమె గద్దె మీదున్నదంతా ఆమె పొలంలోదే అనేసుకున్నాను. ఆమె నాకు సగం కోసి ఇస్తూ, నడిమి మొగ్గ ఉన్న ముక్కని చెక్కి పక్కన పడేసింది. నేను ఊరుకోలేదు. "అది పారేస్తావేమిటి? మా అమ్మయితే పేడనీళ్ళలో ముంచి ఆరబెట్టి, ఎండలు తగ్గే ముందు పాతేది. ఏడాది తిరిగేసరికి మళ్ళీ ఇంత దుంప" అని నా పాండిత్యం కాస్త వెలగబెట్టాను. నేను పార పట్టిన పాపాన పోలేదు గానీ, సలహాలకేం తక్కువ లేదు. ఆమె "గట్లనా" అని ఆ ముక్కని చొక్కా జేబులో వేసుకుంది. నేను ఆ సంగతి అక్కడే మర్చిపోయాను.

అప్పటి నుంచి నెలకోసారి నాకోసం కంద వచ్చేది. మా అపార్ట్‌మెంటులో శ్రీకాకుళం, విజయనగరం వాళ్ళం నాలుగు ఇళ్ళున్నాం. మా ఆకుకూరలామె కంద కూడా పండిస్తుందని అందరికీ చెప్పుకున్నాను, ఆమెకి పంట నేర్పింది నేనే అన్నంత గొప్పగా.

ఆషాఢం వచ్చేసరికి రైతుబజారు నాకు అసహ్యంగా కనిపించడం మొదలైంది. గద్దెల మీద కొత్త మొహాలు కూర్చుంటున్నాయి. ఒకాయన కాలీఫ్లవర్ కొండలా పోసుకుని కూర్చున్నాడు.

"ఏ ఊరు నాయనా మీది?" అన్నాను.

"లోకల్" అన్నాడు.

లోకల్ అనే ఊరు నేనెప్పుడూ వినలేదు. ఇంటికొచ్చి, కళ్ళజోడు తుడుచుకుని, మూడు పేజీల అర్జీ రాశాను. రైతుబజారులో కూర్చునే ప్రతి మనిషికీ ఒక గుర్తింపు కార్డు ఉంటుంది. ఆ కార్డులో వాళ్ళ పొలంలో ఏమేం పండుతాయో రాసి ఉంటుంది. అది లేనిది అమ్మకూడదు. కనుక ఏ గద్దెనీ వదలకుండా, ఏ కూరనీ వదలకుండా, కార్డుతో సరిచూడవలసిందిగా కోరుతున్నాను, తప్పు కనబడితే దయాదాక్షిణ్యాలు చూపవద్దని మనవి చేస్తున్నాను. ఈ ఆఖరి వాక్యం రాసి రెండుసార్లు చదువుకుని మురిసిపోయాను. అధికారికి స్వయంగా ఇచ్చి, కాపీ మీద ముద్ర వేయించుకుని వచ్చాను.

పదిరోజుల తరవాత తనిఖీ జరిగిందని తెలిసింది. మర్నాడు పొద్దున్నే నా ఘనకార్యం చూసుకోవడానికి ఇస్త్రీ చీర కట్టుకుని బయల్దేరాను. కాలీఫ్లవర్ ఆయన తన చోటనే ఉన్నాడు. తనిఖీ రోజున మాత్రం ఆయనకి జ్వరమట, రాలేదట. ఆకుకూరలామె గద్దె ఖాళీగా ఉంది. ఆమె నీళ్ళ సీసా ఒకటి మూలకి పడి ఉంది.

పక్క గద్దె మీద టమాటాలమ్మే పెద్దాయన్ని అడిగాను.

"కార్డు గుంజుకున్నరమ్మా" అన్నాడు. "గోనె కింద కంద ఉండె. కార్డుల రాసి లేదు. ఏడికెళ్ళి తెచ్చినవని సారు అడిగిండు. అబద్ధమాడొచ్చు గదా, ఆడలే. మోండాల కొన్న, నా దగ్గర ఆకుకూర తీసుకునే ఒకమ్మ కోసమని చెప్పింది. ఎవరా అమ్మ అంటే మాత్రం నోరిప్పలే."

నాకు తల కొట్టేసినట్టయింది. ఆమె చేత తప్పు చేయించింది నా కంద పిచ్చి. ఆ తప్పుని పట్టించింది నా అర్జీ. రెండు వైపుల నుంచీ నేనే. దయాదాక్షిణ్యాలు చూపవద్దని మనవి చేసుకున్నాను కదా, ఆయన చూపలేదు. పెద్దాయన టమాటాలు తూచి ఇస్తున్నా తీసుకోకుండా వచ్చేశాను. ఇంట్లో మా ఆయన అంతా విని, కాసేపు ఆలోచించి, "అర్జీ మాత్రం బాగా పనిచేసింది" అన్నారు. రెండు రోజులు ఆయనతో మాట్లాడలేదు. నిజానికి మాట్లాడటానికి నాకు మొహం చెల్లలేదు.

ఆకుకూరల బతుకు ఒక్క పూటది. తెల్లారకముందు కోసింది మధ్యాహ్నానికల్లా అమ్ముడుపోవాలి. నీడ పోయిందంటే సగం పోయినట్టే. పేటపేటకీ తిరిగి అమ్ముకుందామంటే తెలిసినవాళ్ళుండరు. గద్దె పోతే ఆమెకి ఏమేం పోయాయో నాకు ఆ రాత్రి పడుకోబోతే ఒకటొకటిగా అర్థమైంది. వెళ్ళి కాళ్ళ మీద పడదామంటే ఊరి పేరు తెలియదు.

తెలిసిందల్లా అంగళ్ళే. బుధవారం మా వెనక వీధి అంతా చూశాను. గురువారం ఎవరో చెప్పగా ఇంకో పేటకి ఆటోలో పోయి, ఎండలో ఆ చివరి నుంచి ఈ చివరికి నడిచాను. ఆకుకూరలు కనబడినచోటల్లా వంగి ముడి చూడటమే పని. అన్నీ రబ్బరుబ్యాండ్లే. ఒకామె "కొంటవా, చూస్తనే ఉంటవా" అని కసిరింది. కొన్నాను. ఆ వారం మా ఇంట్లో రోజూ పాలకూర పప్పే.

ఆదివారం బొల్లారంలో దొరికింది. అంగడి అయిపోయే చివర, కంటోన్మెంటు గోడ దగ్గర, నీడ లేని చోట పట్టా పరుచుకుని కూర్చుంది. ముందు ఈతాకు ముడి చూశాను, తరవాత ఆమెని చూశాను. గోంగూర తలలు వాల్చేసి ఉంది. నన్ను చూసి, ఏమీ జరగనట్టు, "అమ్మా, గీడికొచ్చినవా. కంద లేదు మరి" అంది.

నేను పక్కనే నేల మీద కూలబడ్డాను. మోకాళ్ళ నొప్పులు కూడా గుర్తు రాలేదు. "ఆ అర్జీ రాసింది నేనే" అని చెప్పేశాను. ఇలాంటివి మెల్లగా చెప్పడం నాకు చేతకాదు.

ఆమె సీసాలో నీళ్ళు దోసిట్లో పోసుకుని గోంగూర మీద చిలకరించింది. తిడితే బాగుండుననిపించింది. ఎవరో వచ్చి తోటకూర అడిగారు, ఇచ్చింది. అప్పుడు నా వైపు తిరిగింది.

"అంత మంచిగ రాస్తవా నువ్వు?"

"రాస్తాను" అన్నాను.

"మరి ఇంకోటి రాయి."

నాకు ఏడుపొచ్చింది. అంగట్లో, అందరి మధ్యా, సిగ్గు లేకుండా ఏడ్చాను. ఆమె పరేషానై, "ఊకో అమ్మా, జెర ఊకో, గిరాకి పోతది" అంది. దాంతో నవ్వొచ్చింది. ఆ పూట నేనూ పట్టా మీదే కూర్చుని కట్టలు అందించాను. అపార్ట్‌మెంటు వాళ్ళకి ఫోను చేసి, సాయంత్రానికి ఆకుకూరలు తెస్తున్నాను, వద్దంటే వినను అని చెప్పాను. మిగిలినవన్నీ రెండు సంచుల్లో మోసుకొచ్చాను. బయల్దేరే ముందు ఆమె ఊరి పేరు అడిగి, చీటీ మీద రాసుకుని, బ్యాగులో పెట్టుకున్నాను. "ఇకమీదట నాకోసం ఏదీ తేవద్దు, నాకోసం ఏదీ దాచవద్దు. నీ గద్దె మీద ఏముంటే అదే కొంటాను" అని మాట కూడా తీసుకున్నాను. "సరే తియ్యి" అంది.

ఇంకోటి రాశాను. ఈసారి ఒక్క పేజీ. పొలం చూడండి, ఆమె రైతో కాదో అక్కడ తేల్చండి, అంతే. అధికారి అది చదివి, డ్రాయరు లాగి, నా మొదటి అర్జీ తీసి దాని పక్కనే పెట్టాడు.

"మేడం, ప్రతి కూర చూడమన్నది మీరే. దయాదాక్షిణ్యాలు వద్దన్నది మీరే" అన్నాడు.

"అవును, నేనే. పొలం కూడా చూడమంటున్నది నేనే."

"టైం లేదు మేడం. గద్దె కోసం క్యూల చానామంది ఉన్నరు. ఈ నెల అయిపోయిందంటే ఆ గద్దె ఇంకొకరికి ఇస్తం. రూల్."

నెల అవడానికి ఇంకా పన్నెండు రోజులున్నాయి. రూల్ అన్న మాట విని భయపడే రకం కాదు నేను, ముప్ఫై ఏళ్ళు అదే మాట నేను ఇతరులతో అన్నాను. టైం లేదన్నవాడి దగ్గర మన టైం తీసుకెళ్ళి కూర్చోవాలి. మర్నాడు పొద్దున పదింటికి ఆయన గదిలో బెంచీ మీద కూర్చున్నాను, ఒళ్ళో నాలుగు కట్టల గోంగూర పెట్టుకుని. మాట్లాడలేదు, దెబ్బలాడలేదు. గోంగూర ఒలుచుకుంటూ కూర్చున్నాను. ఆకు సంచిలోకి, పుల్ల పేపరు మీదికి.

"ఏంది మేడం ఇది?"

"ఇంటికెళ్ళి ఒలుచుకుంటే మీరెప్పుడు ఖాళీ అవుతారో తెలియదు కదండీ."

రెండో రోజు గోంగూర, మూడో రోజు మళ్ళీ గోంగూర. కూర ఆమె పొలంలోదే, మేడ్చల్ నుంచి వచ్చే ఎంఎంటీఎస్ రైల్లో తెచ్చి మాకు స్టేషన్లో ఇచ్చేది. అందుకు మా ఆయన్ని పొద్దున్నే ప్లాట్‌ఫారం మీదికి పంపేదాన్ని. "నేనిందులో లేను" అంటూనే సంచి పట్టుకుని వెళ్ళేవారు. ఒకరోజు కట్ట విప్పి చూసి, "ఈ ముడి బాగా వేస్తుందే" అని కూడా అన్నారు. అపార్ట్‌మెంటు మొత్తానికి గోంగూర పచ్చడి పంచాను. నాలుగో రోజు మధ్యాహ్నం అధికారి రిజిస్టరు తెరిస్తే అందులో ఒక గోంగూర పుల్ల ఉంది. ఆయన దాన్ని రెండు వేళ్ళతో తీసి నాకు ఇచ్చాడు.

"గురువారం వస్త మేడం, పొలం చూస్త. కానీ రేపు మీరు రావద్దు."

గురువారం మేడ్చల్ స్టేషన్లో దిగి, షేరాటో పట్టుకుని వెళ్ళాను. మా ఆయన గొడుగు పట్టుకుని వెంట వచ్చారు, పిలవకుండానే. అధికారి తన బండి మీద వచ్చాడు. పొలం ఎకరం కన్నా తక్కువే. ఇంత చిన్న చెక్కలోంచి అన్ని కట్టలు ఎలా వచ్చేవో నాకు అర్థం కాలేదు. మడి మడికీ ఒక వయసు. ఒకదాంట్లో పాలకూర నిన్న మొలిచినట్టుంది, పక్కదాంట్లో కోతకి సిద్ధంగా ఉంది, ఆ పక్కది అప్పుడే కోసి ఖాళీగా ఉంది. రోజుకో మడి చొప్పున కోసుకుంటూ పోతే, చివరికి వచ్చేసరికి మొదటిది మళ్ళీ పెరుగుతుందట. ఆరేళ్ళు కూర తిన్నాను గానీ, అందులో ఇంత లెక్క ఉందని నాకు తెలియదు.

అధికారి కాగితం తీసి ఒక్కొక్కటీ టిక్కు పెట్టాడు. పాలకూర ఉంది. తోటకూర, చుక్కకూర, మెంతి, గోంగూర, పందిరి మీద బచ్చలి ఉన్నాయి. కాగితం మడిచాడు.

"ఇవన్నీ ఉన్నయి, కాదంటలే" అన్నాడు. "కానీ కార్డు పోయింది వీటి మీద కాదు. కంద మీద. లేని పంట అమ్మినవా లేదా?"

ఇంత చేసి, ఇక్కడికొచ్చి, మళ్ళీ అదే కంద దగ్గర ఆగాం. నేనేదో అనబోతుంటే ఆమె చెయ్యెత్తి నన్ను ఆపింది. "రా సారు" అని బోరు గది వెనక్కి నడిచింది. మేమూ వెనకే వెళ్ళాం.

అక్కడ, గోడ నీడన, ఒకే వరసలో ఎనిమిది కంద మొక్కలు. మచ్చల మచ్చల కాడలు, పైన గొడుగులా విచ్చుకున్న ఆకులు. మా అమ్మ పెరట్లో తప్ప మళ్ళీ ఎక్కడా చూడలేదు నేను వాటిని. నెలకోసారి నా కోసం తెచ్చిన కందలోంచి నెలకో మొగ్గ. చొక్కా జేబులో వేసుకుని తెచ్చి, పేడనీళ్ళలో ముంచి, ఆరబెట్టి దాచి, వానలకి ముందు పాతింది. నేను చెప్పి మర్చిపోయిన ప్రతి ముక్కా ఆమె చేసింది.

"కొన్నదే సారు, నేను కాదన్ననా" అంది. "మోండా పోవుడు తక్లీఫ్ అయితుంది. ఈ అమ్మ కంద ఇడ్వదు. అందుకే ఈడ్నే పెట్టిన."

ఈ అమ్మ. ఆ అమ్మ ఎవరో ఆ రోజు మాత్రం ఆమె దాచలేదు. అధికారి నా వైపు తిరిగి చూశాడు. అర్జీ రాసిన నేనే కంద అడిగిన అమ్మనని ఆయనకి అప్పుడు తెలిసింది. మా ఆయన గొడుగు అటు తిప్పి మొహం దాచుకున్నారు, నవ్వడానికి.

"ఇది కందేనని నాకేం తెలుసు? ఏదో క్రోటన్ లెక్క ఉంది" అన్నాడు ఆయన, అధికారి అన్నాక ఏదో ఒకటి అనాలి కనుక. ఆమె చిన్న పారతో ఒక మొక్క మొదలు తవ్వి, దుంప పైకి కనబడగానే, కొడవలితో పక్క నుంచి ఒక చెక్క కోసి ఆయన చేతిలో పెట్టింది. ఆయన గోటితో గీరి చూశాడు, ముక్కు దగ్గర పెట్టుకున్నాడు. రెండు నిమిషాలకి అరచెయ్యి ప్యాంటుకేసి రుద్దుకోవడం మొదలైంది. మరో నిమిషానికి రెండో చేత్తో గోక్కున్నాడు. ముక్కు కూడా గోక్కున్నాడు.

"కందే, మేడం" అన్నాడు.

ఆమె లోపలి నుంచి చింతపండు తెచ్చి చేతికి రాసుకోమంది. రాసుకుని, ఆ పులుపు చేతితోనే పెన్ను పట్టుకుని, పంటల జాబితాలో బచ్చలి కింద "కంద" అని రాశాడు. అంతకుముందు కొని అమ్మినందుకు ఒక హెచ్చరిక కూడా రాశాడు. అది న్యాయమే. అందులో సగం నాకు రావలసింది, కానీ నాకు కార్డు లేదు. కార్డు సోమవారం ఇస్తానన్నాడు. సోమవారమే ఇచ్చాడు.

మంగళవారం నేను గేటు తెరవకముందే వెళ్ళి నిలబడ్డాను. ఆమె గోనెసంచి నెత్తిన పెట్టుకుని వచ్చి, గద్దె మీద నీళ్ళు చల్లి, చేత్తో తుడిచి, కట్టలు పేర్చింది. టమాటాల పెద్దాయన ఆమె నీళ్ళ సీసా దాచి ఉంచాడు, తెచ్చి ఇచ్చాడు. నేను ముందు నిలబడి మొదటి కట్ట అడిగాను. ఆ బజారులో ఆ పొద్దున నాకన్నా గొప్పగా ఊపిరి పీల్చుకున్న మనిషి ఇంకొకరు లేరు. ఏ పదోన్నతి వచ్చినప్పుడూ నేను అంత పొంగిపోలేదు. కాలీఫ్లవర్ ఆయన సంగతంటారా, ఆయన మీద ఇంకో అర్జీ వేశాను. ఈసారి ఆయన ఒక్కడి గద్దె గురించే రాశాను. ఆయన ఇప్పుడు లోకల్‌లోనే ఎక్కడో ఉన్నాడట, మా బజారులో మాత్రం లేడు.

మళ్ళీ కార్తీకం వచ్చింది. కంద తవ్వానని ఆమె శుక్రవారం నాతో చెప్పింది. మంగళవారం తెస్తానంది. మా నాలుగిళ్ళ వాళ్ళకీ, వాళ్ళ చుట్టాలకీ నేనే ఫోన్లు చేసి చెప్పాను. ఆ మంగళవారం పొద్దున మా ఇంట్లో కుళాయి పాడై, మనిషి వచ్చి బాగుచేసి వెళ్ళేసరికి తొమ్మిది దాటింది. ఆటో దిగి పరుగెత్తాను. దూరం నుంచే ఆమె గొంతు వినిపిస్తోంది. ఆరేళ్ళలో ఆమె కేక వేసి అమ్మడం నేను వినలేదు. "మా పొలంల కంద, మా పొలంల కంద" అంటోంది. ముందు జనం ఉన్నారు. నేను సందు చేసుకుని గద్దె దగ్గరికి చేరేసరికి ఆఖరి ముక్క ఎవరి సంచిలోకో పోయింది.

"అయిపోయిందమ్మా" అంది.

"నాకు ఒక్క ముక్క ఉంచలేదా?"

"నువ్వే గదా దాచొద్దన్నవ్."

ఒక్క క్షణం ముక్కు మీదికి కోపం వచ్చింది. వచ్చిన దారినే పోయింది. గద్దె మీద గోనె పక్కన ఎనిమిది మొగ్గలు వరసగా, గుడ్డ మీద ఆరబెట్టి ఉన్నాయి. అవి అమ్మడానికి కాదని ఎవరూ చెప్పక్కరలేకపోయింది. రెండు కట్టల బచ్చలి తీసుకుని, జనంలోంచి బయటికొచ్చి, ఆటో కూడా ఎక్కకుండా ఇంటిదాకా నడిచాను.

తలుపు తీసి మా ఆయన సంచిలోకి తొంగి చూశారు.

"కంద ఏదే?"

"అమ్ముడైపోయింది" అన్నాను. నేనే పండించినట్టు, నేనే అమ్మినట్టు చెప్పాను. ఆ కార్తీకం మేము ఒట్టి బచ్చలి కూరే తిన్నాం, ఆవ పెట్టుకుని.